అడ్డంగా వేసిన కుర్చీ

కిందటి నెలలో సూరత్ పక్కన కడోదరా దగ్గరి ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచారు. ఏదో యువజన శిబిరానికి తమ పిల్లల్లో ఇద్దరిని పంపాలట. ఎంచేవాళ్ళలో నన్నూ ఒకడిగా కూర్చోమన్నారు. వేదిక ముందు కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. నేను నా కుర్చీని పట్టుకుని తిప్పి, అడ్డంగా వేసుకున్నాను. ఒక భుజం వేదిక వైపు, ఇంకో భుజం జనం వైపు. అక్కడి లెక్చరర్ మర్యాదస్తుడు. కుర్చీ జరిగిపోయిందనుకుని వచ్చి సరిచేశాడు. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ తిప్పుకున్నాను. మళ్ళీ వచ్చాడు.

"సార్, స్టేజీ అటుంది" అన్నాడు హిందీలో, ముసలివాళ్ళను రోడ్డు దాటించేటప్పుడు వాడే మెత్తని గొంతుతో.

"తెలుసు. వినేవాళ్ళు ఇటున్నారు" అన్నాను.

ఆయన నవ్వి తన కుర్చీకి వెళ్ళాడు. నాకు మాత్రం మొదటి పిల్లవాడు ఏం మాట్లాడాడో చెవికెక్కలేదు. ఆ మాట నాది కాదు. అలా కుర్చీ వేసుకోవడం నేను కనిపెట్టిందీ కాదు. రెండూ ఫోన్ మేడం దగ్గర తెచ్చుకున్నవే.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. సూరత్‌లోని ఉధ్నా పేటలో మరమగ్గాల మీద పనిచేసే మావాళ్ళెవరికీ ఆ పేరుతో పని పడలేదు. ఆమె సూరత్‌లో టెలిఫోన్ ఎక్స్చేంజి ఉద్యోగి. గోదావరి వైపు మనిషి. పట్టుచీర కట్టినా కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లే. ఆటోవాడితో బేరమాడితే గుజరాతీ గడగడా వచ్చేది గానీ, ఆ గుజరాతీకి కూడా గోదావరి సాగతీత అంటుకుని ఉండేది. "మోటాభాయ్, ఇదేం న్యాయం" అన్నట్టు ఆమె దీర్ఘం తీస్తే ఆటోవాడు నవ్వలేక, ఒప్పుకోలేక, చివరికి ఒప్పుకునేవాడు. ఎవరైనా పలకరిస్తే ఎడమ చెవి మీది జుట్టు వెనక్కి తోసి, "చెప్పండి, లైన్లోనే ఉన్నాను" అనేది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా అదే మాట. ఎవరైనా సోది మొదలుపెడితే గోడ గడియారం వంక చూసి, "మూడు నిమిషాలయ్యాయండీ, పొడిగించమంటారా?" అనేది. ట్రంకు కాల్స్ రోజుల్లో పట్టిన అలవాటు. ట్రంకు కాల్స్ పోయినా అలవాటు పోలేదు.

ఆ రోజుల సంగతి మా నాన్నకు బాగా తెలుసు. నాకంటే ముందు సూరత్ వచ్చి సాంచాలు నడిపినవాడు ఆయన. మరమగ్గాల్ని మేం సాంచాలంటాం. సిరిసిల్ల దగ్గరి మా ఊరికి ఫోను బుక్ చేస్తే లైను కలిసేదాకా పోస్టాఫీసు బెంచీ మీద కూర్చోవలసిందే. ఒకోసారి అవతలినుంచి తెలుగులో ఒక గొంతు వినబడేదట. సూరత్ వదిలి వచ్చేశాక కూడా నాన్న ఆ గొంతు గురించి చెప్పేవాడు. ఒక ఏడాది నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, ఆదివారం ఆయన్ని మేడం పుస్తకాలిచ్చే తెలుగు సంఘం హాలుకు తీసుకెళ్ళాను. మేడం అలవాటుగా "చెప్పండి, లైన్లోనే ఉన్నాను" అంది. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వేనా! మా బిడ్డ పుట్టిన కబురు నువ్వే కలిపినవ్ తల్లీ."

మేడం ఆయన్ని తేరిపార చూసింది. "సిరిసిల్ల వైపు కాల్, కదండీ? అవతల ఎవరో ఆడపిల్ల అనగానే మీరు ఏడ్చారు. మూడు నిమిషాల్లో సగం ఏడుపే. అప్పట్లో తెలుగు కాల్స్ తక్కువ, అంచేత గుర్తుండిపోయింది. ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఏడుపు సంతోషానికా, కాదా?"

"సంతోషానికే తల్లీ. మా ఇంట్ల ముగ్గురు మగపోరగాండ్ల తర్వాత పుట్టింది."

"హమ్మయ్య" అని ఆమె కూర్చుంది. "ఇన్నేళ్ళూ తేల్చుకోలేకపోయాను. గొంతులో తెలీదండీ. మొహం చూసుంటే తెలిసేది."

అప్పుడు నాకది ముచ్చటగా మాత్రమే అనిపించింది. ఆమె కుర్చీకీ ఆ మాటకూ సంబంధం ఉందని తర్వాత తెలిసింది.

సంఘం హాల్లో రెండు బీరువాల పుస్తకాలుండేవి. తాళంచెవి మేడం దగ్గర. నేను బడికి వెళ్ళింది తక్కువ. డిగ్రీ దూరవిద్యలో కట్టాను. అసలు చదువంతా ఆ రెండు బీరువాల్లోనూ, ఊళ్ళోని పెద్ద గ్రంథాలయంలోనూ. పుస్తకాన్ని ఎంచుకోవడం చేతకాక మొదటి బీరువా పై అర ఎడమ చివర మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. చరిత్ర పక్కన వంటలు, వంటల పక్కన వేదాంతం, దాని పక్కన తేనెటీగల పెంపకం. నాకు తేనెటీగల సంగతి ఇప్పటికీ బాగా తెలుసు. ఆదివారం పొద్దున పుస్తకం మార్చుకుని అటునుంచటే షిఫ్టుకు పోయేవాణ్ణి.

"ఎక్కడిదాకా వచ్చావయ్యా?" అని మేడం ఒకసారి అడిగింది.

"మొదటి బీరువా అయిపోయింది మేడం" అన్నాను. గొంతులో గర్వం ఉండే ఉంటుంది.

"చదివింది ఎవరికి చెప్పావు?"

నేను చేతిలోని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాను.

"మరి ఏం లాభం? ఆ బీరువాలోంచి ఈ బీరువాలోకి మారాయి. తాళం తాళమే" అంది నన్ను చూపిస్తూ. అని, రెండో బీరువా తెరిచింది.

ఆమె సంగతి అలా ఉండేది. కోపం వచ్చేలా ఒక మాట అనేది, కోపం వచ్చేలోపు ఏదో ఒకటి చేతిలో పెట్టేది.

ఆ ఏడాదే సంఘానికి కబురు వచ్చింది. దేశమంతటి నుంచి యువతను పిలిచి ఢిల్లీలో నాయకత్వ సదస్సు పెడుతున్నారు, సూరత్‌లోని భాషా సంఘాలు ఒక్కొక్కరిని పంపవచ్చు. మా సంఘం ఒక ఆదివారం ఉపన్యాసాల పోటీ పెట్టి ఎంచాలనుకుంది. ఇరవై ఐదేళ్ళు దాటకూడదు. నాకు ఆ వేసవితో ఇరవై ఐదు నిండుతాయి. అంటే ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. నేను పుస్తకాల్లో చదివిన ఢిల్లీని కళ్ళతో చూస్తాను, రకరకాల రాష్ట్రాల వాళ్ళ మధ్య కూర్చుంటాను, నన్ను చూసి ఎవరూ "ఏ సాంచ మీద?" అని అడగరు. ఆ కోరిక ఎంత బలంగా పట్టుకుందంటే, వారం రోజులు అన్నం రుచి తెలియలేదు.

మా గదిలో ఉండే కొమురన్న నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. రాత్రి షిఫ్టు మనిషి. "ఏంది తమ్మీ, ఢిల్లీల కుర్సీ ఖాళీ ఉన్నదని చెప్పిన్రా?" అని ఎకసెక్కాలాడేవాడు. ఆడుతూనే నా తెల్ల చొక్కా తీసుకుపోయి ఇస్త్రీ చేయించుకొచ్చాడు.

పూర్వం గ్రీసు దేశంలో ఒక నత్తి మనిషి సముద్రపు హోరుకు ఎదురుగా నిలబడి మాట్లాడటం నేర్చుకుని గొప్ప వక్త అయ్యాడని నేను చదివాను. నాకు సముద్రం అక్కర్లేదు, సాంచాలున్నాయి. షిఫ్టులో రోజూ ఆ మోతలోనే నా ఉపన్యాసం సాధన చేశాను. ఆ సలహాలో ఉన్న లోపం ఆదివారం హాల్లో బయటపడింది. సాంచాల మోతలో సాధన చేసినవాడికి అరవడం వస్తుంది, మాట్లాడటం రాదు.

ఆ రోజు షిఫ్టు దిగి పరుగున వచ్చేసరికి నా పేరే మొదట పిలుస్తున్నారు. ఎంచేది ఇద్దరు: రైల్వేలో పనిచేసే సంఘం సెక్రటరీ గారు, ఫోన్ మేడం. హాలు నిండా జనం. ముందు వరసల్లో బ్యాంకులవాళ్ళు, రైల్వేవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. వెనక వరసల్లో మావాళ్ళు. చిట్టచివర కొమురన్న. నేను మైకు ముందు నిలబడి నోరు తెరిచాను. మైకు కీచుమంది. ముందు వరసలో ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మేడం లేచింది. తన కుర్చీని రెండు చేతులతో ఎత్తి, పూర్తిగా వెనక్కి తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చుంది.

ఇక్కడ మా కార్ఖానా సంగతి ఒకటి చెప్పాలి. సాంచాలు నడుస్తుంటే పక్కవాడి కేక కూడా వినబడదు. అంచేత మా మాటలన్నీ చేతుల్తో, పెదవుల్తో. పిడికిలి బిగిస్తే ఆపు. అరచేయి కిందికి అదిమితే తగ్గించు. మీసం మెలేస్తే సేటు వస్తున్నాడు. ఇప్పటి సేటుకు మీసం లేదు, వాళ్ళ నాన్నకు ఉండేది, సైగ మాత్రం కొడుక్కి వారసత్వంగా వచ్చింది. రెండు చూపుడు వేళ్ళూ ఒకదానితో ఒకటి మెలేసి చూపితే: తెగిన దారం కలిసింది, ఇక నడుపు. ఈ ఒక్క సైగతో ఎవరూ పరిహాసమాడరు. దారం కలవకముందే కలిసిందని చూపితే అవతలివాడు సాంచ నడుపుతాడు, ఇవతలివాడి వేళ్ళు అందులో ఉంటాయి. తప్పు సైగ చేసినవాడితో కార్ఖానాలో ఎవరూ పొత్తు పెట్టుకోరు. ఇక ఎదుటివాడు చెబుతుండగా వీపు తిప్పడమంటే మా దగ్గర తిట్టు కంటే పెద్దది. నీ మాట నాకు అక్కర్లేదు, నువ్వు నాకు మనిషివి కావు అని. కొమురన్న ఒకసారి తన బామ్మర్దికి దీపావళి నుంచి హోళీ దాకా వీపే చూపించాడు.

అందుకని ఆమె వీపు చూడగానే నాకు ఒళ్ళు చల్లబడింది. తర్వాత వేడెక్కింది. సంఘం మీటింగులకు నేనెప్పుడూ వచ్చినవాణ్ణి కాదు. ఆమె ఎవరు మాట్లాడినా అలాగే కూర్చుంటుందనీ, అది అందరికీ అలవాటేననీ నాకెలా తెలుస్తుంది?

"మేడం, గట్ల వీపు తిప్పుకొని కూసుంటే నేనెవలికి చెప్పాలె?" అన్నాను. మైకులో అనడం వల్ల హాలంతా మోగింది.

ఆమె తల తిప్పకుండానే చెయ్యి ఊపింది. "కానీవయ్యా, లైన్లోనే ఉన్నాను."

వెనక వరసలో కొమురన్న అరచేతులు రెండూ కిందికి అదుముతున్నాడు: తగ్గించు, తగ్గించు. నేను తగ్గలేదు. మైకు వదిలేసి మెట్లు దిగి, జనం మధ్యనుంచి నడుచుకుంటూ బయటికి పోయాను.

"ఏం పనిరా అది?" అని కొమురన్న గదికి వచ్చాక తిట్టాడు. "సేటు ముంగట ఒక్కనాడు నోరు లేపవు. పంతులమ్మ అసొంటి ఆమె ముంగట లేపినవ్."

"వీపు చూపిచ్చిందన్నా."

"చూసిన తియ్" అన్నాడు కొమురన్న.

ఢిల్లీ అయిపోయిందనుకున్నాను. మంగళవారమో బుధవారమో, మధ్యాహ్నం కార్ఖానాలో సాంచకు నూలు కండె మారుస్తుంటే ఎదుటి వరసలో ఒకడు మీసం మెలేశాడు. వాడి వెనక ఇంకొకడు. తల ఎత్తి చూస్తే గుమ్మంలో తెల్ల కాన్వాసు బూట్లు. ఎవరో లేబరాఫీసు అధికారి అనుకుని వాళ్ళు సేటు సైగే ఇచ్చారు. ఫోన్ మేడం లోపలికి రెండడుగులు వేసి చెవులు మూసుకుంది. తర్వాత మెల్లగా చేతులు తీసేసింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. అక్కడ ఒకడు బొటనవేలు నోటికి చూపిస్తున్నాడు: చాయ్. ఇక్కడ ఒకడు పిడికిలి బిగిస్తున్నాడు. ఇంకొకడు పెదవులు మాత్రం కదుపుతుంటే అవతలివాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉండిపోయింది. సర్కసుకు మొదటిసారి వచ్చిన పిల్లలా చూసింది.

నా సాంచ పక్కవాడికి అప్పగించి ఆమెను బయట చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. షిఫ్టు లేక అక్కడే కాలక్షేపం చేస్తున్న కొమురన్న బెంచీ తుడిచి ఇచ్చాడు.

"నిన్ను అడగడానికి వచ్చాను" అంది. "నా వల్ల ఏం తప్పు జరిగింది? ఆ రోజు నుంచి అదే ఆలోచన. కోపంతో దిగిపోయిన గొంతు కాదయ్యా నీది. దెబ్బ తిన్న గొంతు."

చెప్పాను. వీపు సంగతి, బామ్మర్ది సంగతి అన్నీ. బామ్మర్ది పేరు వినగానే కొమురన్న చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆమె సాసరు కింద పెట్టేసింది. "అయ్యో రామా. నేను మీ మొహాలు చూడ్డానికి తిప్పుకున్నానయ్యా కుర్చీ. నా ఉద్యోగమంతా గొంతులతోనే గడిచింది, మొహం లేని గొంతులు. తీయగా మాట్లాడి మోసం చేసే గొంతులు, విసుక్కుంటూనే ప్రాణం పెట్టే గొంతులు. గొంతు మీద నమ్మకం పోయింది. అంచేత ఎవరైనా ఉపన్యాసం ఇస్తుంటే నేను వినేవాళ్ళ మొహాలు చూస్తాను. చెప్పేవాడు ఎలాంటివాడో అక్కడ తెలుస్తుంది. మరి నీకేమో..." అని ఆగి, కార్ఖానా గుమ్మం వైపు చూసింది. "నేను గొంతులు మాత్రమే విన్న మనిషిని. మీరు మొహాలు మాత్రమే చూసేవాళ్ళు. బాగానే దొరికాం ఒకళ్ళకొకళ్ళం."

"మేడం, మరి నేను ఎనక వరసల చేతులూపితే చూసిన్రా?" అన్నాడు కొమురన్న.

"చూశానండీ. ఈగలు తోలుకుంటున్నారనుకున్నాను."

కొమురన్న చాయ్ ముక్కులోకి పోయింది. దగ్గి, తేరుకుని, ఆమెకు సైగలు నేర్పే పని పెట్టుకున్నాడు. దారం సైగ ఆమెకు ఒక పట్టాన రాలేదు. వేళ్ళు మెలేస్తే ఒకటి జారిపోయేది. "గిట్ల గాదు మేడం, జర బిగువుగ. దారం తెగిపోతది" అని అతను, "ఇదా? ఇలాగా?" అని ఆమె. చాయ్ బండివాడు కూడా చూసి చూసి నేర్చుకున్నాడు.

పై ఆదివారం అందర్నీ మళ్ళీ పిలిపించింది. సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. "మధ్యలో దిగిపోయినవాడికి మళ్ళీ అవకాశమేంటండీ? రూలుండాలి కదా."

"రూలు తప్పింది అతను కాదండీ, నేను" అంది ఆమె, అందరూ వినేలా. "వేదిక మీదివాడికి నేనెవరో, ఏం చేస్తున్నానో చెప్పకుండా వీపు పెట్టాను. అంచేత అందరివీ మళ్ళీ వింటాం." అని కుర్చీ ఎత్తింది. హాలంతా చూస్తోంది. ఈసారి పూర్తిగా తిప్పలేదు. సగం తిప్పి, అడ్డంగా వేసి కూర్చుంది. ఒక భుజం నా వైపు, ఒక భుజం జనం వైపు. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మెడ నొప్పి ఖాయం. పర్లేదు, కానీ."

నేను మెల్లగా మాట్లాడాను. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు పొద్దున్నే చదువుకోవడానికి హాలు తెరవాలని, ఒక్క బీరువా తాళం తీస్తే ఎన్ని తలలు తెరుచుకుంటాయో అని. బాగానే మాట్లాడాను. చప్పట్లు బాగా కొట్టారు. కొమురన్న వేలు నోట్లో పెట్టి ఈల వేశాడు. దిగి, మేడం కుర్చీకి దగ్గర్లో గోడవారగా నిలబడ్డాను. ఢిల్లీ బండి ఎక్కేసినట్టే ఉంది.

చివర మాధవి మాట్లాడింది. ఉధ్నాలోనే పుట్టి పెరిగిన మా నేతపని వాళ్ళమ్మాయి, కాలేజీలో చదువుతోంది. మైకు దగ్గరికి వచ్చి, "అరె, ఇది నాకు పొడుగైంది" అని దాన్ని వంచడానికి తంటాలు పడి, చివరికి మైకు వదిలేసి ముందుకొచ్చింది. ఉపన్యాసం ఏమీ లేదు.

"మన గల్లీ స్కూల్ ఏడో క్లాసు దాకనే. ఎనిమిదికి రైలు పట్టాలు దాటి అవతలికి పోవాలె. బస్, ఆడపిల్లల చదువు పట్టాల కాడ ఖతం. భయం అంటరు. భయమే, నేను గూడ భయపడ్డ. మా అమ్మ రోజూ వచ్చి దాటిచ్చింది, గందుకే ఇక్కడ నిలబడ్డ. అందరి అమ్మలకు టైమ్ ఉండదు కదా. పొద్దున్న ఏడున్నరకు మీ మీ గల్లీలల్ల ఎవరు ఖాళీగ ఉంటరు? చెప్పుండ్రి."

ఆగిపోయింది. జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది. ముందు వరసలవాళ్ళకు అది ఉపన్యాసంలో భాగమో కాదో తెలియలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసల్లో మాత్రం తలలు కదిలాయి. కొమురన్న పక్కవాడి వైపు తిరిగి ఏదో అంటున్నాడు. పక్కవాడు ఇంకొకడితో.

మేడం మెడ చాచి చూసింది. అంత దూరం ఆమెకు ఆనలేదు. నా వైపు వంగింది.

"ఏవయ్యా, నీకు పెదవులు చదవడం వచ్చుగా. అదిగో, మీ కొమురన్న ఏమంటున్నాడు?"

నేను చూశాను. చాలా స్పష్టంగా కనబడింది. చాయ్ ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు అంటే ఆమె నమ్మేది. కొమురన్న ఎప్పుడూ అడిగేది అదే. నాకు ఇరవై ఐదు నిండటానికి ఎన్నాళ్ళో లేదు. ఆమె చెవి మీది జుట్టు వెనక్కి తోసి, నా జవాబు కోసం చూస్తోంది.

తప్పు సైగ చేయకూడదు. ఎవరి వేళ్ళో లోపల ఉంటాయి.

"నైట్ షిఫ్ట్ దిగి ఎట్లాగూ పట్టాల దిక్కే వస్త, నేను దాటిస్త అంటున్నడు మేడం" అన్నాను. "పక్కాయన, నా బిడ్డను గూడ నీతో పంపుత అంటున్నడు. ఆ మూలకున్నాయన, మాపటికి బడి విడిచినంక ఎవరు తీస్కొస్తరు మరి అని అడుగుతున్నడు."

ఆమె నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వెనక వరసలు చూసింది.

మాధవి పేరు చదివినప్పుడు నేను గోడవారనే ఉన్నాను. జనం కదిలాక మేడం నా దగ్గరికి వచ్చింది. ఓదార్చడం ఆమెకు రాదు. "నువ్వు బాగా చెప్పావు. అందరూ నిన్ను చూశారు" అంది. "ఆ పిల్ల చెప్పాక ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నీకూ తెలుసు. నువ్వే చెప్పావు."

"తెలుసు మేడం."

"ఢిల్లీకి వెళ్ళేవాళ్ళు ఏటా దొరుకుతారయ్యా. వెనక వరస ఏమంటోందో చూసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు నాకు ఇంతవరకూ దొరకలేదు. వచ్చే ఏడు నువ్వు నా పక్కన కూచో. ముందు వరసలు నేను చూస్తా, వెనకవి నువ్వు చూడు." అని, ఎప్పటిలాగే చేతిలో ఒకటి పెట్టింది. బీరువాల తాళంచెవులు. "పొద్దున్నే తెరవాలన్నావుగా. మరి తెరువు."

ఆ వేసవి తర్వాత బళ్ళు తెరిచాక, ఉధ్నాలో రైలు పట్టాల దగ్గర పొద్దున్నే ఒక దృశ్యం కనబడేది. చొక్కా నిండా దూది నూగుతో, చేతిలో ఖాళీ టిఫిను డబ్బాతో కొమురన్న ముందు, వెనక జడలు వేసుకున్న ఆడపిల్లలు. ఆయన పిడికిలి బిగిస్తే అందరూ ఆగేవాళ్ళు. బండి వెళ్ళిపోయి, అటూ ఇటూ చూసుకున్నాక రెండు చూపుడు వేళ్ళూ మెలేసి పైకి ఎత్తేవాడు. పిల్లలు గబగబా దాటేవాళ్ళు. వాళ్ళకు సాంచాల సంగతి తెలియకపోయినా సైగ తెలుసు. కొమురన్నను అవతలి గట్టున వదిలేసి వాళ్ళు బడికి, ఆయన వెనక్కి తిరిగి గదికి, నిద్రకు. నేను అప్పటికి హాలు తెరిచి కూర్చునేవాణ్ణి. రాత్రి షిఫ్టువాళ్ళు కొందరు వచ్చేవాళ్ళు. ఒకరిద్దరు పుస్తకం మీదే నిద్రపోయేవాళ్ళు. మేడం చూసి, "ఫర్లేదు, లైన్లోనే ఉన్నారు" అనేది.

మాధవి ఢిల్లీ నుంచి వచ్చి ఏం చెప్పిందో నాకు బాగా గుర్తు లేదు. పొగమంచు, పెద్ద హాలు, రకరకాల భాషలు అంది. గుర్తున్నది ఒకటి: అక్కడ మాట్లాడేటప్పుడు కుర్చీలన్నీ తన వైపే తిరిగి ఉండటం చూసి గాభరా పడిందట. "మేడం లెక్క ఒక్కరు గూడ కూసోలే యార్, నాకు జమ్ కాలే, మాట కుదరలే" అంది.

తర్వాత కొన్నేళ్ళు నేనూ మేడం అలా పక్కపక్కన అడ్డంగా కూర్చున్నాం. ఆమె మెడ నొప్పికి ఆల్థాన్‌లోని వాళ్ళింట్లో ఎప్పుడూ ఏదో ఒక తైలం వాసన వచ్చేది. పిల్లలు మాట్లాడుతుంటే మేం ఇద్దరం ఒక్క మాటా అనుకునేవాళ్ళం కాదు. ఆమె చూపుడు వేలు చూపిస్తే నేను ఆ వరస చూసి, పెదవులు మాత్రం కదిపి చెప్పేవాణ్ణి. చదవడం ఆమెకు మెల్లగా వచ్చింది. సెక్రటరీ గారు మధ్యలో కూర్చుని, "నాకు కూడా చెప్పండయ్యా" అని దిగులుపడేవారు.

ఉద్యోగం ముగిశాక ఆమె సొంతవాళ్ళ దగ్గరికి రాజమండ్రి వెళ్ళిపోయింది. మేం చాలామందిమి స్టేషనుకు వచ్చాం. కొమురన్న బామ్మర్దితో కలిసి వచ్చాడు. ఆమెది ఏసీ పెట్టె. సామాను లోపల పెట్టి, మేం దిగి, ఆమె కిటికీ దగ్గర కూర్చునేసరికి బండి కదిలే వేళయింది. ఆమె ఏదో అంటోంది. అద్దం మందం. లోపలి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు. ప్లాట్‌ఫాం మీద అందరూ "ఏంటండీ? ఏంటండీ?" అని అరుస్తున్నారు. సెక్రటరీ గారు చెవి అద్దానికి ఆనించారు.

ఆమె మాట్లాడటం ఆపేసింది. బ్రతుకంతా గొంతుతో గడిపిన మనిషి ఒక్క క్షణం అద్దంలోంచి మా మొహాలన్నీ వరసగా చూసింది. తర్వాత రెండు చేతులూ పైకి ఎత్తి, రెండు చూపుడు వేళ్ళూ ఒకదానితో ఒకటి మెలేసింది. ఈసారి ఏ వేలూ జారలేదు. కొమురన్న చెప్పినంత బిగువుగా ఉంది.

నా పక్కన కొమురన్న అదే సైగ తిరిగి చూపించాడు. నేనూ చూపించాను. బండి కదిలింది.